ఆ మాత్రలు లారీవాళ్ళవి కావు

మా వృత్తిలోకి కొత్తగా వచ్చే పిల్లలకి ఒక కథ చెబుతారు. మందుల షాపులవాళ్ళ సమావేశాల్లో నేనే మూడుసార్లు విన్నాను. బుచ్చయ్యపేట వైపు బెల్లం వండే మనిషి ఒకడు నిద్ర రాకుండా ఉండటానికి హైవే మీద లారీ డ్రైవర్ల దగ్గర దొంగమాత్రలు కొని మింగాడట. ఆ మత్తులో మరుగుతున్న పాకంలో చెయ్యి పెట్టేశాడట. కుడిచేతి వేళ్ళు పనికిరాకుండా పోయాయట. కాబట్టి పిల్లలూ, డాక్టరు చీటీ లేకుండా ఏ మాత్రా ఇవ్వకండి. చప్పట్లు. తర్వాత టిఫిను.

ఇందులో చెయ్యి నిజం, పాకం నిజం. మిగతాదంతా అబద్ధం.

అతని పేరు నూకరాజు. లారీవాళ్ళెవరూ అతనికి ఏమీ అమ్మలేదు. అతను మత్తులో లేడు. అతని దగ్గర డాక్టరు చీటీ ఉంది. దాని మీద తేదీ, సంతకం, ముద్ర అన్నీ ఉన్నాయి. ఆ చీటీ చూసి, అడగవలసిన ప్రశ్నలన్నీ అడిగి, బిల్లు కొట్టి మాత్రలు ఇచ్చింది బి.ఫార్మసీ చదివిన మనిషి. అంటే నేను.

మూడోసారి ఆ కథ విన్నప్పుడు లేచి నిలబడి ఈ మాటే చెప్పాను. వేదిక మీద ఉన్నాయన మైకు పక్కకి తిప్పి, "మేడమ్‌గారికి టీ ఇయ్యండర్రా" అన్నాడు. టీ తాగలేదు. అందుకే ఇది రాస్తున్నాను. ఈ పనిలోకి వచ్చే పిల్లలు చదవాలని రాస్తున్నాను. టిఫిను పెట్టేవాళ్ళ కోసం కాదు.

కౌంటరు

ఇరవై నాలుగేళ్ళు అనకాపల్లిలో ఒకే మందుల షాపులో, ఒకే కౌంటరు వెనక నిలబడ్డాను. కాళ్ళ నరాలు ఉబ్బి, ముడులు పడి, ఇక నిలబడలేక పోయిన ఏడాది మానేశాను. యాభై ఒకటికే రిటైర్మెంటేమిటని అడిగేవాళ్ళకి చీర కాస్త పైకెత్తి పిక్కలు చూపిస్తాను. ఇంకో ప్రశ్న ఉండదు.

ఏ మందు దేనికి, ఎంత మోతాదు, దేంతో కలిస్తే ప్రమాదం, ఇవన్నీ కాలేజీలో చెబుతారు. కౌంటరు దగ్గరికి వచ్చేవాళ్ళందరూ రోగులు కారని మాత్రం చెప్పరు. కొంతమందికి రోగం ఏమీ ఉండదు. రోజులో గంటలు చాలవు, అంతే. పరీక్షలకి చదివేవాళ్ళు, ఫ్యాక్టరీలో ఒక షిఫ్టు మీద ఇంకో షిఫ్టు చేసేవాళ్ళు, డబుల్ డ్యూటీ పడ్డ నర్సులు, డ్రైవర్లు, పెళ్ళిళ్ళ వీడియోలు తీసేవాళ్ళు. "నిద్ర రాకుండా ఏదైనా ఉందా మేడమ్?" అని తలనొప్పి మాత్ర అడిగినంత తేలిగ్గా అడుగుతారు. కొందరు కాఫీ మాత్రలంటారు. కొందరు పేరు తెలుసుకునే వస్తారు. మోడాఫినిల్ అనేది అలాంటి మందు. పగలంతా ఆపుకోలేని నిద్ర వచ్చే జబ్బు ఒకటి ఉంది, దానికి కనిపెట్టింది. నా ఇరవై నాలుగేళ్ళలో ఆ జబ్బున్న మనిషి నా కౌంటరు దగ్గరికి ఒకే ఒక్కడు వచ్చాడు. మందు మాత్రం షాపులో ఎప్పుడూ ఉండేది. ఎవరి కోసమో లెక్క వేసుకోండి.

మా యజమానిని అందరూ శెట్టిగారు అనేవాళ్ళు. వాళ్ళది తరాలుగా బెల్లం వ్యాపారం. ఈయన ఒక్కడూ మందుల్లోకి వచ్చాడు. సగం మందులు ఆయనకి పెట్టె రంగుతోనే తెలుసు. నేను చేరిన వారంలోనే అన్నాడు: "సత్యవతమ్మా, నువ్వు ఇన్ని ప్రశ్నలు అడిగే లోపల ఎదురు షాపువాడు బిల్లు కొట్టేస్తాడు."

"కొట్టనియ్యండి శెట్టిగారూ. నా సర్టిఫికెట్టు మీ గోడకి వేలాడుతోంది, వాళ్ళ గోడకి కాదు."

ఆ మాటకి ఆయన చాలాసేపు నవ్వాడు. ఎందుకంటే చాలా షాపుల్లో గోడకి సర్టిఫికెట్టే ఉంటుంది. ఆ సర్టిఫికెట్టు తాలూకు మనిషి ఇంట్లో కూర వండుకుంటూ ఉంటుంది. ఇక్కడ మనిషి కూడా ఉందని ఆయనకి గర్వంగానే ఉండేది. కొత్తవాళ్ళు విసుక్కుంటే, "ఆవిడతో పెట్టుకోకండి బాబూ, అడిగిందానికి సమాధానం చెప్పీండి" అనేవాడు. నాకూ గర్వమే. ఈ ఊళ్ళో ప్రశ్నలడిగి మందిచ్చేది నేనొక్కదాన్నే అనుకునేదాన్ని.

మేడ మీద ఒక డాక్టరుగారి క్లినిక్. కింద మా షాపు. ఆయన రాస్తాడు, మేం ఇస్తాం. చెడ్డ డాక్టరు కాదు. రోగి ముఖం చూసి మాట్లాడేవాడు, అదీ ఈ రోజుల్లో ఎక్కువే. కానీ మెట్లు దిగి వచ్చిన చీటీని అనుమానించే అలవాటు మాకెవరికీ లేకపోయింది.

చెవి చుక్కలు

నూకరాజు సంగతికి ముందు నా సంగతి చెప్పాలి. లేకపోతే నేను తెలియక ఇచ్చానని మీరనుకుంటారు.

అతను వచ్చిన సీజనుకి మూడేళ్ళ ముందు మా అమ్మని విశాఖలో ఆసుపత్రిలో చేర్చాం. తోడుండటానికి నేనొక్కదాన్నే. రాత్రి అక్కడ, పొద్దున రైలెక్కి ఇక్కడ కౌంటరు. రెండో రోజున అదే మాత్ర వేసుకున్నాను. ఎవరూ రాసివ్వలేదు, అరలోంచి తీసుకున్నాను. బ్రహ్మాండంగా ఉంది. కళ్ళు మండటం ఆగిపోయింది. లెక్కలు చకచకా వచ్చాయి. ఇంత తేలికైతే ఇన్నాళ్ళూ ఎందుకు పడుకున్నానా అనిపించింది.

మూడో రోజు ఒక రిటైర్డు మాస్టారు కంటి చుక్కల మందు చీటీ తెచ్చాడు. ఇచ్చాను. ఆయన కళ్ళజోడు పైకి నెట్టుకుని చూసి, "అమ్మా, ఇది చెవిలో వేసుకునేది" అన్నాడు.

"చదువుకున్నది మీరా, నేనా?"

"నేను చదువు చెప్పినోణ్ణి తల్లీ. ఇదిగో చూడు" అని పెట్టె మీద అక్షరాలకి ఒక్కొక్కదాని కిందా వేలు పెట్టి చదివించాడు, ఒకటో తరగతి పిల్లకి చదివించినట్టు.

నేను చదివాను. చెవి అనే రాసి ఉంది. చదివాక కూడా ఒక్క క్షణం నాదే రైటనిపించింది. నన్ను ఇప్పటికీ భయపెట్టేది ఆ క్షణమే. తప్పు చేసినందుకు కాదు, అది తప్పని కళ్ళతో చూస్తూ కూడా నమ్మనందుకు.

ఆ మాత్ర నిద్రని తీర్చదు. నిద్ర కావాలని ఒంట్లోంచి వచ్చే కబురుని ఆపుతుంది. స్కూటర్లో పెట్రోలు ముల్లు ఫుల్లు దగ్గర ఇరుక్కుపోతే ట్యాంకు నిండినట్టా? బండి నడుస్తూనే ఉంటుంది. ఎక్కడ ఆగిపోతుందో నడిపేవాడికి తెలియదు. పుస్తకంలో ఉన్న దుష్ఫలితాలన్నీ, తలనొప్పీ, గుండె దడా, నాకు కంఠతా వచ్చు. ఈ ఒక్కటి నా ఒంటి మీద తెలుసుకున్నాను. తెలుసుకుని కూడా ఆ మందు అమ్మడం మానలేదు. మాస్టారు మంచివాడు కాబట్టి ఎవరికీ చెప్పలేదు. నేనూ ఎవరికీ చెప్పలేదు.

వంతు

చెరకు సంగతి తెలియనివాళ్ళకి రెండు మాటలు. కొట్టిన చెరకు ఆగదు, ఎండితే రసం పోతుంది. చెరకు ఆడే క్రషర్లు ఊరికొకటో రెండో ఉంటాయి. అందుకని వంతులు. ఒక కుటుంబానికి రెండు రోజులు, మూడు రోజులు. ఆ వంతు లోపల వాళ్ళ చెరకంతా ఆడించి, రసం పెనంలో కాచి, దిమ్మలు పోసుకుని తప్పుకోవాలి. వెనక ఇంకొకళ్ళ బండి నిలబడి ఉంటుంది. కాబట్టి వంతు వచ్చిన ఇంట్లో పొయ్యి ఆరదు, ఎవరూ సరిగ్గా పడుకోరు. మూడో రోజు తర్వాత ఇల్లంతా పడి నిద్రపోతుంది.

బెల్లం వండేవాడు మాత్రం నిద్రపోడు. ఎందుకంటే అతను ఏ ఒక్క వంతుకీ చెందిన మనిషి కాదు. పాకం ఎప్పుడు దించాలో తెలిసిన చెయ్యి ఊరికొకటే ఉంటుంది. ఒక నిమిషం ముందు దించితే దిమ్మ కట్టదు. ఒక నిమిషం ఆలస్యమైతే నల్లబడి, మార్కెట్లో ఎవరూ ముట్టుకోరు. నూకరాజు గరిటెతో పాకం తీసి పక్కన పళ్ళెంలో ఉన్న చన్నీళ్ళలో వేసి, వేళ్ళతో దగ్గరికి చేర్చి ఉండ చేసి చూసేవాడు. ఆ ఉండ వేళ్ళ మధ్య ఎలా ఉంటే దించాలో అతనికి తెలుసు. అడిగితే చెప్పలేడు. చుట్టుపక్కల అయిదారు కుటుంబాలు అతను వండితేనే చెరకు కొడతామనేవి. అంటే వాళ్ళ వంతులన్నీ కలిపి అతనొక్కడి వంతు.

జనవరిలో ఒక మధ్యాహ్నం మెట్లు దిగి వచ్చాడు. నలభై ఐదేళ్ళుంటాయి. సన్నటి మనిషి, కనుబొమలు పొగకి కాలి పల్చబడ్డాయి. చీటీలో మోడాఫినిల్, పది మాత్రలు.

"ఎవరికి?"

"నాకేనమ్మా. బెల్లం వండుతాను. నిద్దరాగట్లేదని సెప్తే డాక్టరుగారు రాసేరు."

"బీపీ ఉందా? సుగరు?"

"ఏటీ లేదు. నిద్దరొక్కటే ఉన్నాది."

వెనక నిలబడ్డవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. గుండె దడ ఉందా, తాగుతావా, వేరే మందులేమైనా వాడుతున్నావా, అన్నీ అడిగాను. అన్నిటికీ బుద్ధిగా లేదన్నాడు. పొద్దున ఒకటే వేసుకోమన్నాను, రెండు వద్దన్నాను, గుండె దడొస్తే మానెయ్యమన్నాను. వేలితో లెక్కపెట్టుకుంటూ విన్నాడు.

"మరి ఎప్పుడు పడుకుంటావు?" అని అడగలేదు. ఆ ప్రశ్న నా పుస్తకంలో లేదు. నా అనుభవంలో ఉంది. అడిగితే అతను చెప్పేది వినాలి. విన్నాక ఇవ్వకూడదు.

రెండోసారి

నాలుగైదు రోజులకి మళ్ళీ వచ్చాడు. పదకొండు గంటలప్పుడు. షాపు నిండా జనం, పండక్కి తిన్నదరగని కడుపులన్నీ మా కౌంటరు దగ్గరే ఉన్నాయి.

"ఏటి నూకరాజూ, వంట ఆపీసేవా?" అని అతని యాసలోనే పలకరించాను.

"ఒకల వంతు అయిపోనాది. రెండోళ్ళ సెరుకు ఇంకా బండెక్కలేదు. సందేళకి మొదలు. ఈలోపల ఇలగొచ్చేను."

"మాత్ర పనిచేస్తోందా?"

"సేత్తంది. కళ్ళు తెరుసుకునే ఉన్నాయి." కుడిచెయ్యి కౌంటరు మీద పెట్టి దాన్నే చూస్తున్నాడు. "సెయ్యే నా మాట ఇనట్లేదమ్మా."

"అంటే? తిమ్మిరా?"

"తిమ్మిరి కాదు. ఉండ సేసి సూత్తాను కదా, అది కట్టిందో లేదో ఏలికి తెలట్లేదు. మొన్న ఒక పెనం మాడ్సీసేను. ఇరవయ్యేళ్ళలో మాడ్సలేదు."

నాకు తెలిసింది అప్పుడే చెప్పాల్సింది. చెవి చుక్కల కథ చెప్పి ఉంటే చాలు. ఆ మనిషి రెండు నిమిషాల్లో అర్థం చేసుకునేవాడు, అతను మూర్ఖుడు కాదు. నేను మాత్రం వేళ్ళు అనే మాట విన్నాను. వేళ్ళంటే నరాలు, నరాలంటే బి కాంప్లెక్సు. ఒక స్ట్రిప్పు కోసి, రెండు ఉప్పు నీళ్ళ ప్యాకెట్లు కలిపి కవర్లో పెట్టాను. "నీరసం. వేళకి తిని ఇవి వేసుకో."

కవరు తీసుకున్నాడు. కదల్లేదు.

"ఇంకేటైనా సెప్తారేటమ్మా?"

వెనక నుంచి ఒకావిడ, "ఏటి బాబూ, నువ్వొక్కడివే రోగివా? జరుగు" అంది. అతను ఆవిడకి దారిచ్చి పక్కకి జరిగాడు. ఇంకాస్సేపు బల్ల పక్కన నిలబడ్డట్టు గుర్తు. తల ఎత్తి చూసేసరికి లేడు.

ఆ తర్వాత మూడో రోజున, పట్టపగలు తొమ్మిది గంటలకి, పదిమంది చూస్తుండగా నూకరాజు పళ్ళెంలో పెట్టాల్సిన చెయ్యి పెనంలో పెట్టాడు.

తూలలేదు. కళ్ళు మూతపడలేదు. పక్కవాళ్ళతో చెరకు గురించి మాట్లాడుతున్నాడు. ఆ మాట మధ్యలోనే, ఇరవై ఏళ్ళుగా చన్నీళ్ళలో చెయ్యి పెట్టినంత నెమ్మదిగా, మరిగే పాకంలో వేళ్ళు పెట్టి ఉండ చెయ్యబోయాడు. పాకం నీళ్ళలా జారిపోదు, పట్టుకుంటుంది. వేడి నూనె కంటే అన్యాయం.

శెట్టిగారు

ఇదంతా నాకు చెప్పింది అతని భార్య మంగ. మర్నాడు ఆసుపత్రిలో రాసిచ్చిన కాలిన గాయాల మందు, దూది, కట్టు గుడ్డలు కొనడానికి మా షాపుకే వచ్చింది. జరిగింది చెప్పి, "నిద్దర రాకుండా ఏవో మాత్రలు మింగేడట. ఎక్కడ కొన్నాడో తెలీదు. ఆయనికి మాటే రాట్లేదు" అంది.

నేను నోరు తెరిచాను. క్యాషు దగ్గర నుంచి శెట్టిగారు అందుకున్నాడు. "లారీవాళ్ళ దగ్గర దొరుకుతాయమ్మా అలాంటివి. హైవే మీద అమ్ముతారు. చీటీ లేకుండా కొనకూడదు, చెప్పు ఆయనకి."

మంగ తలూపింది. నేను కట్టు గుడ్డలు కవర్లో పెట్టాను. అంతే. నోటి దురుసు మనిషినని నాకు ఊళ్ళో పేరు. ఆ రోజు ఆ నోరు ఏమైందో అడక్కండి.

ఆవిడ వెళ్ళాక అడిగాను. "శెట్టిగారూ, చీటీ ఉందిగా. మన తప్పేం లేదుగా. మరి లారీవాళ్ళెందుకొచ్చారు మధ్యలో?"

"తప్పు లేదు కాబట్టే. మన పేరెందుకు ఇందులో?"

"తప్పు లేకపోతే భయమేంటి?"

"నాకు భయం లేదమ్మా. నీ గురించే. సర్టిఫికెట్టు నీది కదా." ఆయన గొంతులో బెదిరింపు లేదు, నిజంగానే నా కోసం అన్నాడు. ఆయన్ని దుర్మార్గుడిగా రాయడం నాకు సుళువే, కానీ కాదు. మా అమ్మ పోయినప్పుడు షాపు మూసి వచ్చి నాలుగు గంటలు మా గుమ్మంలో కూర్చున్న మనిషి. అలాంటివాళ్ళ మాట మీదే మనం నోరు మూసుకుంటాం. చెడ్డ యజమాని చెబితే ఎదురు తిరిగేదాన్ని.

డాక్టరుగారిని కూడా అడిగాను. "పగలు పడుకుంటాడనుకున్నానమ్మా, నైట్ షిఫ్టు లాంటిదే కదా అనుకున్నాను" అన్నాడు. ఆయన నాకొదిలాడు. నేను ఆయనకొదిలాను. ఇద్దరం కలిసి నూకరాజుకి వదిలాం. నూకరాజు క్రషరు ఆపలేడు.

శెట్టిగారి నోటి నుంచి వచ్చిన ఆ లారీ మాటే సంవత్సరం తిరిగేసరికి సమావేశాల్లో పాఠమైంది. మైకులో మొదటిసారి విన్న రోజు ఇంటికొచ్చి అన్నం తినలేదు. రెండు రోజుల తర్వాత బస్సెక్కాను.

మంగ

వాళ్ళ ఊరు బుచ్చయ్యపేట దాటాక. ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. "మాత్రల నూకరాజా?" అన్నారు. అప్పటికే పేరు అలా అయిపోయింది.

మంగ వాకిట్లో చేట పట్టుకుని ఉంది. నన్ను గుర్తుపట్టింది. నిలబడే చెప్పాను. మాత్రలిచ్చింది నేను, చీటీతోనే ఇచ్చాను, లారీవాళ్ళెవరూ లేరు.

చేటలో బియ్యం ఒకసారి చెరిగింది. తర్వాత, "ఆ రోజు నాను నీ కొట్టులో నిలబడి ఏడ్సినప్పుడు నీకు నోరు లేదేటి?" అంది.

"ఉంది."

"ఏడాదై ఊరంతా నా మొగుణ్ణి మత్తు మనిసంతన్నారు. ఆడు సుక్క ముట్టడు. నాను కూడా అడిగీసేను, తప్పు పని సేసేవేటి, లారీలోళ్ళతో నీకేటి పని అని. నెల రోజులు ఆడితో మాటాడ్లేదు. నీకు తెలుసా?"

తెలియదు. వాదనలో ఓడిపోవడం నాకు అలవాటు లేదు. ఆవిడతో వాదించనే లేదు.

నూకరాజు లోపల నుంచి వచ్చాడు. కుడిచేతి వేళ్ళు లోపలికి ముడుచుకుని, చర్మం మెరుస్తూ బిగుసుకుపోయి ఉంది. వేడి తెలుస్తుంది, చల్లన తెలుస్తుంది, ఇంకేమీ తెలియదని తర్వాత చెప్పాడు. "రండమ్మా, కూకోండి" అన్నాడు, నేను చుట్టపుచూపుకి వచ్చినట్టు.

"కూకోడం కాదు," అంది మంగ. "ఇంత దూరం వచ్చేవు కదా. నాకు సెప్పిన మాట ఆలకి సెప్పు."

క్రషరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆమెకి కావలసింది ఒకటే. చెయ్యి పోయినా నూకరాజుకి కన్నుంది, ముక్కుంది. పక్కన నిలబడి ఇంకొకడికి చెప్పి వండించగలడు. చెప్పడానికైనా పిలవమని. మత్తు మనిషి పెనం దగ్గరికి వద్దని వాళ్ళు పిలవడం లేదు.

క్రషరు యజమానీ, ఇద్దరు రైతులూ ఉన్నారు. అంతా చెప్పాను. డాక్టరు రాశాడు, నేనిచ్చాను, అది మత్తుమందు కాదు, మీ వంతులన్నీ ఒక్క మనిషి మొయ్యడానికి వేసుకున్న మందు, మీ బెల్లం కోసమే వేసుకున్నాడు.

యజమాని మర్యాదగా విన్నాడు. కుర్చీ కూడా వేయించాడు. "మీరు సదువుకున్నోరు, అబద్దం ఎందుకు సెప్తారు మేడమ్. కానీ సీటీ ఉంటే మాత్రం మందు మందే కదా."

"ఆ మూడు రోజులూ అతన్ని పడుకోమని మీరెవరైనా అన్నారా?"

ఒక రైతు నవ్వేశాడు. "ఆడు పడుకుంటే పాకం నువ్వు దించుతావేటమ్మా?"

యజమాని అతన్ని కసిరాడు. పెనం దగ్గర ఎవరో కొత్త మనిషి వండుతున్నాడు, కళ్ళు ఎర్రగా. నూకరాజు దూరంగానే ఆగిపోయి, వాసన పీల్చి, "దించీమను, మాడిపోద్ది" అన్నాడు మెల్లగా, మంగకి మాత్రమే వినపడేలా. ఎవరూ దించలేదు. కాసేపటికి మాడు వాసన నాకు కూడా వచ్చింది.

ఆ సీజనులో పిలవలేదు. ఆ తర్వాతా పిలవలేదు. నేను నిజం చెప్పినందువల్ల జరిగిన మేలు ఒకటే, మంగ భర్తతో మామూలుగా ఉంటోంది. అది కూడా ఏడాది ఆలస్యంగా.

పనిలోకి వచ్చే పిల్లలకి నేను చెప్పేది ఇంతే. చీటీ చూడండి, చీటీ మీద లేనిది కూడా అడగండి. మెలకువ కోసం మందడిగే ప్రతి మనిషినీ, ఎన్ని రోజులైంది పడుకుని, ఎప్పుడు పడుకుంటావు, నువ్వు పడుకుంటే నీ పని ఎవరు చేస్తారు, అని అడగండి. మూడోదానికి సమాధానం లేకపోతే ఇవ్వకండి. ఎదురు షాపువాడు ఇస్తాడు, తెలుసు. ఇవ్వనీండి. ఇలా చేస్తే అందరూ బాగుపడతారని నేను మాట ఇవ్వలేను. నా సంగతి రాశాను, అంతే.

ఆ రోజు క్రషరు నుంచి బస్సు దగ్గరికి నూకరాజు తోడొచ్చాడు. మంగ వెనకే వచ్చి, ఒక కాగితం పొట్లం నా చేతిలో పెట్టింది. "ఇవి మీయే. తీసుకుపోండి. ఇంట్లో ఉంచుకోలేను" అంది. విప్పి చూశాను. నేనిచ్చిన మోడాఫినిల్ స్ట్రిప్పు. ఇంకా మూడు మాత్రలు మిగిలి ఉన్నాయి.

మూడు. చెయ్యి కాలిన రోజుకి మూడు మిగిలాయంటే, రెండోసారి నా దగ్గరికి వచ్చిన రోజుకి ఇంకో రెండో మూడో ఎక్కువే ఉండాలి. అంటే ఆ రోజు అతను మందు కోసం రాలేదు. బి కాంప్లెక్సు నేను అంటగట్టిందే, అతను అడగలేదు. సాయంత్రం దాకా ఖాళీ ఉంది. ఇంటి దగ్గర నడుం వాల్చడానికి ఆ వారం మొత్తానికి దొరికినవి ఆ నాలుగైదు గంటలే.

"నూకరాజూ, ఆ రోజు రెండోసారి షాపుకొచ్చావు చూడు, చెయ్యి మాట వినట్లేదన్నావు. ఎందుకొచ్చావు?"

అతను నిజంగానే ఆలోచించాడు. నుదురు ముడిపడింది. తర్వాత నా వైపు సిగ్గుగా చూశాడు.

"వచ్చేనా అమ్మా? నాకు గేపకం లేదు."

బస్సొచ్చింది. ఎక్కాను. ఇన్నేళ్ళలో కౌంటరు దగ్గర నేను అడిగిన వేల ప్రశ్నలకి జనం ఏదో ఒక సమాధానం చెప్పారు. ఈ ఒక్కదానికి సమాధానం తెలిసిన మనిషికి అది గుర్తు లేదు, కాబట్టి మిమ్మల్నే అడుగుతున్నాను. జేబులో మాత్రలు ఉండగా, పడుకోవడానికి పూట ఖాళీ ఉండగా, ఆ మనిషి బస్సెక్కి నా కౌంటరు ముందుకొచ్చి నిలబడి, ఇంకేమైనా చెబుతారా అని అడిగాడే, నా నోటి నుంచి ఏ మాట వినాలని వచ్చాడు?